నల్లకోటు కల: వయసు మీదపడ్డంక లా చదవాలనుకునే మన నల్లగొండ, పాలమూరోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్నప్పుడు "పెద్దయి ఏమైతవ్ రా" అంటే "వకీల్ అయిత" అని చెప్పి, తర్వాత ఇంటి పరిస్థితి బాగలేక ఏదో డిగ్రీ చేసి, ఏదో జాబ్‌లో పడి, పెండ్లయి పిల్లలు పెద్దగయినంక మళ్ల ఆ మాట గుర్తొచ్చి నిద్రపట్టనోళ్లు మన దగ్గర మస్తు మంది ఉన్నరు. నేను నల్లగొండలో ప్రైవేట్ స్కూల్ టీచర్‌గా చేసి, తర్వాత లా చదివి, ఇప్పుడు ఇక్కడి కోర్టులోనే ప్రాక్టీస్ చేస్తున్న. అందుకని మిర్యాలగూడ, దేవరకొండ నుంచి, అటు జడ్చర్ల, నాగర్‌కర్నూల్ నుంచి అడిగేటోళ్లు అడుగుతనే ఉంటరు, డౌట్లు మాత్రం అవే. ఒకరికి సగం చెప్పి ఇంకొకరికి సగం చెప్పేకంటే అన్నీ ఒక్కదగ్గర రాసిన. మొత్తం చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సిన ప్రశ్న కాడికి పోయి చూసుకోండి.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నోళ్లకు

అక్కా నాకు 44 నడుస్తుంది, ఈ వయసులో లా చదవనిస్తరా అసలు?

చదవనిస్తరు. తెలంగాణలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం లాసెట్ (లా కాలేజీలో చేరే ఎంట్రెన్స్ పరీక్ష) రాయడానికి గరిష్ట వయసు అనేది లేదు. చదివినంక వకీలుగా ఎన్‌రోల్ కావడానికి, అంటే బార్ కౌన్సిల్‌లో పేరు ఎక్కించుకోవడానికి కూడా అడ్వకేట్స్ యాక్ట్ 1961 ప్రకారం 21 ఏళ్లు నిండి ఉండాలె, అంతే, పైన హద్దు పెట్టలేదు. ఒకప్పుడు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (దేశంలో వకీళ్లకు, లా చదువుకు రూల్స్ పెట్టే సంస్థ) 45 దాటినోళ్లను తీసుకోవద్దని రూల్ పెట్టిన మాట నిజమే, 1995లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రూల్ పోయి ఇన్నేళ్లయినా "45 దాటితే రానియ్యరంట" అనే మాట మన ఊర్లల్లో ఇంకా తిరుగుతనే ఉంది, దాన్ని నమ్మి ఆగిపోయినోళ్లను చూస్తే నాకు నిజంగా బాధయితది.

ఇది నిజంగా నా కోరికనేనా లేకపోతే సినిమాలు చూసి పుట్టిన మోజా, ఎట్ల తెలుసుకోవాలె?

ఒకరోజు కోర్టుకు పోయి కూర్చోండి. మన దేశంలో కోర్టు విచారణ బహిరంగం, పిల్లల మీద నేరాలు, అత్యాచారం కేసులు, కొన్ని కుటుంబ కేసులు తప్ప మిగతావాటికి ఎవరైనా వెనక బెంచీలో కూర్చొని చూడొచ్చు. ఫోన్ ఆఫ్ చేసి, పొద్దున పదిన్నరకల్లా పోండి. మొదట కేసులు పిలుస్తరు, సగానికి సగం వాయిదాలే పడతయి, కక్షిదారు బయట వరండాలో నిలబడి ఉంటడు, లోపల అర నిమిషంలో తారీఖు మారిపోతది. మీకు చిరాకు రావొచ్చు, రానివ్వండి.

తర్వాత సాక్ష్యం మొదలైతది, అది మాత్రం మిస్ కావొద్దు. బోనులో ఒక ముసలాయన, తుండుగుడ్డ చేతిలో నలుపుకుంట నిలబడి ఉంటడు, అవతలి వకీలు "నీ భూమికి తూర్పు దిక్కు ఎవరి భూమి ఉంది" అని అడుగుతడు, ఆయన ఫలానా ఆయనది అంటడు, "మరి నీ దావాలో కాలువ అని రాసినవ్ కదా" అంటడు, ముసలాయన తన వకీలు దిక్కు చూస్తడు. అక్కడ మొత్తం కేసే పక్కకు జరుగుతది. ఆ టైంలో మీకు "ఆ కాలువ అవతల భూమి ఎవరిదో అడగాల్సింది కదా" అనిపించిందా? అనిపిస్తే మీకు ఈ పని మీద నిజమైన ప్రేమనే ఉంది. టైం చూసుకుంట కూర్చున్నరంటే ఇంకో రెండుసార్లు పోయి చూడండి, అప్పటికీ అట్లనే ఉంటే మీకు నచ్చింది కోటేమో ఆలోచించుకోండి. ఫీజు కట్టకముందు చేయాల్సిన పని ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం.

మా ఇంట్లో ఒప్పుకుంటలేరు, "ఇప్పుడు చదివి ఎవరిని ఉద్ధరిస్తవ్" అంటున్నరు. ఏం చెప్పాలె?

ఆ మాట వెనక రెండు భయాలుంటయి, పైసలు ఎక్కడివి, ఇల్లు ఎవరు చూసుకుంటరు అని. కల గురించి ఎంత చెప్పినా ఆ రెండు భయాలు పోవు, అందుకే కాగితం మీద లెక్క రాసి చూపించండి. మూడేళ్ల ఫీజు, బస్సు ఖర్చు, జీతం తగ్గితే ఎంత తగ్గుతది, పొద్దున వంట, పిల్లల స్కూల్, అత్తమ్మ మందులు ఎవరు చూస్తరు, ఇవన్నీ. మొగుడైనా పెండ్లామైనా "నాకు చెప్పకుంట డిసైడ్ చేసిండు" అనే కోపమే ఎక్కువ ఉంటది, లెక్కలో వాళ్లను కూర్చోబెడితే సగం మెత్తబడతరు. ఊరోళ్ల మాటల గురించి మాత్రం ఏమీ చెయ్యకండి, రేపు వాళ్లే పాసుబుక్కు పట్టుకొని మీ ఇంటికి వస్తరు.

## సర్టిఫికెట్లు, అర్హత

నాది ఓపెన్ డిగ్రీ, లా కు పనికొస్తదా?

ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మన ఉమ్మడి జిల్లాల్లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేయడం తప్పు కాదు, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి ఉంది, దాని డిగ్రీ చెల్లుతది. చూసేది డిగ్రీకి ముందు ఏముందని. పదో తరగతి, తర్వాత ఇంటర్, తర్వాత మూడేళ్ల డిగ్రీ, ఈ వరుసలో ఉంటే ఓపెన్‌లో చేసినా ఇబ్బంది లేదు. గని అప్పట్లో చాలామంది ఇంటర్ లేకుంటనే అర్హత పరీక్ష రాసి సీదా డిగ్రీలో చేరిండ్రు. బార్ కౌన్సిల్ 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం అట్ల కింద చదువు లేకుంట నేరుగా తీసుకున్న డిగ్రీతోని లా కోర్సుకు అర్హత లేదు.

బాధ ఏందంటే ఇది కొన్నిసార్లు చేరేటప్పుడు కాదు, అంతా అయినంక ఎన్‌రోల్‌మెంట్ కాడ బయటపడతది. మూడేళ్లు చదివి, పైసలు పెట్టి, చివరికి బార్ కౌన్సిల్ టేబుల్ కాడ ఆగిపోతే ఆ మనిషి పరిస్థితి ఏంది చెప్పండి. అందుకే ఇవాళనే బీరువా తీసి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్ మూడూ పక్కపక్కన పెట్టి సంవత్సరాలు చూసుకోండి, పేరు స్పెల్లింగ్, తండ్రి పేరు మూడింట్లో ఒకటే ఉందా అది కూడా చూడండి.

డిగ్రీలో 43 శాతమే వచ్చింది, ఛాన్స్ ఉందా?

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి జనరల్ వాళ్లకు డిగ్రీలో 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలె. మీరు బీసీ అయితే 43 సరిపోతది.

పదో తరగతి తర్వాత ఆపేసిన, ఇప్పుడు 36. అక్కడి నుంచి వకీలు కావడం అయ్యే పనేనా?

అయ్యే పనే, గని పొడుగు దారి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో ఇంటర్ చేయండి, తర్వాత మూడేళ్ల డిగ్రీ, తర్వాత మూడేళ్ల లా. ఇంటర్ అయినంక సీదా అయిదేళ్ల లా కోర్సు కూడా ఉంది, దాంతో ఒక ఏడాది మిగులుతది. అయితే మధ్యలో ఇంటి పరిస్థితి మారి ఆగాల్సి వస్తే డిగ్రీ చేతిలో ఉన్నోళ్లకు ఒక ఆధారం ఉంటది, అందుకే ఇల్లు నడిపేటోళ్లకు నేను డిగ్రీ దారే చెప్త.

దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ చేయొచ్చా? ఒకాయన బయట రాష్ట్రంలో అటెండెన్స్ లేకుంట ఇప్పిస్త అంటున్నడు

వద్దు. దూరవిద్య ఎల్‌ఎల్‌బీతోని వకీలుగా ఎన్‌రోల్ కారు, బార్ కౌన్సిల్ గుర్తించదు. అటెండెన్స్ లేకుంట ఇప్పిస్త అనేటోళ్లకు ఇచ్చే పైసలు బావిలో పోసినట్టే, రేపు ఎంక్వైరీ అయితే డిగ్రీతోపాటు పరువు కూడా పోతది. కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఈ ఏడాదికి ఉందా లేదా అని మీరే అడిగి చూసుకోండి.

గవర్నమెంట్ జాబ్‌లో ఉన్న, పర్మిషన్ కావాల్నా?

కావాలె. మీ డిపార్ట్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుంట చేరొద్దు. కాలేజీలో ఉన్న టైంకు ఆఫీస్ రిజిస్టర్‌లో మీ సంతకం ఉందంటే రెండుదిక్కులా ఇరుక్కుంటరు.

## లాసెట్ రాసేటోళ్లకు

పరీక్ష ఎట్ల ఉంటది? చదువు వదిలేసి ఇరవై ఏళ్లయింది, భయమైతుంది

120 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద, అన్నీ ఆప్షన్ల ప్రశ్నలే, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30, కరెంట్ అఫైర్స్ 30, లా కు సంబంధించింది 60. అర్హత రావాలంటే 35 శాతం, అంటే 42 మార్కులు, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కు లేదు. ప్రశ్నలు ఇంగ్లీష్‌తో పాటు తెలుగులో కూడా ఇస్తరు. 2024, 2025లో రెండుసార్లూ జూన్ మొదటివారంలోనే పెట్టిండ్రు, కాబట్టి చలికాలం నుంచే మొదలుపెట్టండి.

సగం మార్కులున్న లా పార్ట్ మీదనే ఎక్కువ కూర్చోవాలె. రాజ్యాంగం మొదట పట్టుకోండి, ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రిట్లు, సుప్రీంకోర్టు, హైకోర్టు అధికారాలు. తర్వాత కాంట్రాక్ట్, టార్ట్ (ఒకరి తప్పుతోని ఇంకొకరికి నష్టమైతే పరిహారం అడిగే చట్టం), క్రిమినల్ లా లో బేసిక్స్. కరెంట్ అఫైర్స్ కు రోజూ పేపర్ చదివే అలవాటున్నోళ్లు, పొద్దున హోటల్ కాడ ఛాయ్ తాగుకుంట పేపర్ మొత్తం తిరగేసేటోళ్లు, సగం ప్రిపేర్ అయినట్టే.

కోచింగ్ తప్పనిసరా?

కాదు. పాత పేపర్లు టైం పెట్టుకొని చేయండి, మౌస్ పట్టుకోవడం అలవాటు లేనోళ్లు ఫ్రీ మాక్ టెస్ట్ ఒకటి రెండు రాయండి. క్వాలిఫై కావడం కష్టం కాదు, మంచి కాలేజీలో కన్వీనర్ సీటు (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు) రావాలంటేనే ర్యాంక్ కావాలె, మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు బాగా తేడా ఉంటది.

## చదివే మూడేళ్లు

రోజూ కాలేజీకి పోవాల్నా? నల్లగొండ నుంచి హైదరాబాద్ తిరుగుడు కష్టం కదా

రూల్ ప్రకారం 70 శాతం హాజరు ఉండాలె, ఇది రెగ్యులర్ కోర్సు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు, అటు ఇటు. నల్లగొండ దిక్కు నుంచి పోయేటోళ్లు ఎల్బీ నగర్ చుట్టుపక్కల కాలేజీ చూసుకుంటే సిటీ లోపలికి పోయే టైం మిగులుతది, పాలమూరోళ్లకు కాచిగూడ దాకా ట్రైన్ ఉంది. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఈ ఒక్కదానితోని కాలేజీకి పోగలిగిన ఆడపిల్లలు, తల్లులు ఎంతమందో. బస్సులో రెండు గంటలు కూర్చుంటరు కదా, బేర్ యాక్ట్ (వివరణలు లేకుంట చట్టం మాత్రమే ఉండే పుస్తకం) చేతిలో ఉండాలె, ఫోన్ కాదు. ఎండాకాలం తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దాటేసరికి ఒళ్లు హూనమైతది, ఆ టైంలో చదువు ఎక్కదు, పొద్దున పోయేటప్పుడే చదవండి.

నా బిడ్డ వయసు పిల్లల పక్కన కూర్చోవాల్నా మేడం, సిగ్గైతుంది

మొదటి వారం ఉంటది ఆ సిగ్గు. మూడేళ్ల లా క్లాసులో మీరొక్కరే పెద్దోళ్లు ఉండరు, రిటైరైన పోలీసోళ్లు, టీచర్లు, బ్యాంకోళ్లు, రియల్ ఎస్టేట్ చేసేటోళ్లు అందరూ ఉంటరు. పిల్లలకు ఇంగ్లీష్, కంప్యూటర్ తెలుసు, మీకు పహాణీ అంటే ఏందో, సాదాబైనామా ఎందుకు రాసుకుంటరో, అన్నదమ్ముల పంపకాల్లో లొల్లి యాడ మొదలైతదో తెలుసు. వాళ్లకు అది చెప్పండి, వాళ్ల దగ్గర ఇది నేర్చుకోండి.

తెలుగు మీడియం, బుక్ తెరిస్తే ఒక్క ముక్క అర్థమైతలేదు. వదిలేయాల్నా?

వదలకండి. చట్టం ఇంగ్లీష్ మామూలు ఇంగ్లీష్ కాదు, కాన్వెంట్‌లో చదివినోళ్లకూ మొదట్లో అర్థంగాదు. సెక్షన్ మొత్తం ఒక్క గుక్కలో చదివితే ఎవరికీ ఎక్కదు, ముక్కలు చేయాలె. దొంగతనం తీసుకోండి, భారతీయ న్యాయ సంహితలో (ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేర చట్టం) 303 సెక్షన్. నోట్‌బుక్‌లో తెలుగులో ఇట్ల రాసుకోండి: చరాస్తి అయి ఉండాలె, ఇంకొకరి స్వాధీనంలో ఉండాలె, వాళ్ల ఒప్పుకోలు లేకపోవాలె, మోసపు ఉద్దేశంతో తీసుకోవాలనుకోవాలె, అందుకోసం దాన్ని కదిలించాలె. ఇప్పుడు మీ ఊరికి తెచ్చుకోండి. పక్క చేనాయన మీ గట్టు మీది తుమ్మచెట్టును కొట్టుకపోదామని వచ్చిండు. చెట్టు భూమిలో నాటుకొని ఉన్నంతసేపు అది చరాస్తి కాదు, దాన్ని దొంగతనం చేయలేరు. తీసుకపోవాలనే ఉద్దేశంతో గొడ్డలితో నరికి భూమి నుంచి వేరుచేసిన క్షణంలో దొంగతనం అయిపోయినట్టే, ఇంటికి ఎత్తుకపోకపోయినా సరే. ఇట్ల ఒక్క సెక్షన్ అర్థమైందంటే మిగతావాటికి భయం పోతది.

ఇంకో మాట, జిల్లా కోర్టుల్లో సాక్షిని అడిగేది తెలుగులోనే, రికార్డు ఎక్కువగా ఇంగ్లీష్‌లో పోతది. 2023లో తెలంగాణ హైకోర్టే ఒక భూమి కేసులో తెలుగులో తీర్పు ఇచ్చింది. ఇంగ్లీష్ నేర్చుకోవాల్సిందే, గని తెలుగులో మంచిగ మాట్లాడగలగడం మన కోర్టుల్లో పెద్ద బలం.

పాత చట్టాలు మారినయంట కదా, ఇప్పుడు మొదలుపెడితే నష్టమా?

లాభం. ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి 2024 జులై 1 నుంచి న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చినయి. ముప్పై ఏళ్ల సీనియర్లు కూడా సెక్షన్ నంబర్లు మళ్ల చదువుకుంటున్నరు. భూమి రికార్డుల దిక్కు కూడా ధరణి తర్వాత 2025 భూభారతి చట్టం వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908, ఆస్తి బదలాయింపు చట్టం 1882 మాత్రం అట్లనే ఉన్నయి, కాబట్టి సివిల్ పాత బుక్స్ పారేయకండి.

ఇంటర్న్‌షిప్ చేయాల్నా, సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోదా?

మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు ఉంది. సర్టిఫికెట్ కోసం చేయకండి. ప్లెయింట్ (దావా కాగితం) ఎట్ల రాస్తరు, వకాలత్‌నామా (కక్షిదారు వకీలుకు అధికారం ఇచ్చే కాగితం) మీద సంతకం యాడ పెట్టించాలె, స్టాంపులు ఎన్ని అంటించాలె, కోర్టు ఆఫీసులో తప్పులున్నయని రిటర్న్ కొడితే ఏం రాసి మళ్ల వేయాలె, ఇవన్నీ అప్పుడే నేర్చుకుంటే తర్వాత రెండేళ్లు ముందుంటరు.

## కోటు వేసుకునే టైంలో, ఆ తర్వాత

ఎన్‌రోల్‌మెంట్‌కు ఇరవై ముప్పై వేలు అయితదంట నిజమేనా?

ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో వేలకు వేలు తీసుకునేటోళ్లు. 2024 జులై 30న సుప్రీంకోర్టు, చట్టంలో రాసిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దని చెప్పింది, జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు, దాని మీద స్టాంపు డ్యూటీ ఉంటే అది. పేదింటోళ్లకు ఈ తీర్పు ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

ఆలిండియా బార్ పరీక్ష కష్టమా?

ఇది ఎన్‌రోల్ అయినంక ప్రాక్టీస్ చేయడానికి పాస్ కావాల్సిన పరీక్ష. వంద ప్రశ్నలు, జనరల్ వాళ్లకు 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 వస్తే పాస్. తెలుగులో కూడా రాయొచ్చు, నోట్స్ లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకపోవచ్చు. పోయినా మళ్ల మళ్ల రాయొచ్చు. బేర్ యాక్ట్‌లో ఏ సెక్షన్ యాడుందో వేలుకు తెలిసి ఉండాలె, హాల్లో వెతుక్కుంట కూర్చుంటే టైం సరిపోదు.

జాబ్ చేసుకుంట ప్రాక్టీస్ చేయొచ్చా?

ఫుల్ టైం జీతం జాబ్ ఉండంగ వకీలుగా ప్రాక్టీస్ చేయొద్దని బార్ కౌన్సిల్ రూల్ స్పష్టంగా ఉంది. జాబ్‌లో ఉండి లా చదవొచ్చు, డిగ్రీ పెట్టుకొని ఆగొచ్చు, వీఆర్‌ఎస్ (ముందే స్వచ్ఛందంగా రిటైర్ కావడం) తీసుకున్నంకనో రిటైరైనంకనో ఎన్‌రోల్ కావొచ్చు.

సీనియర్ ఎట్ల దొరుకుతరు? మాకు తెలిసిన వకీళ్లు ఎవరూ లేరు

ఇంటర్న్‌షిప్ చేసిన ఆఫీసులోనే అడగండి, లేకుంటే మీరు చూసిన కోర్టు హాల్లో ఎవరి క్రాస్ ఎగ్జామినేషన్ (అవతలి సాక్షిని ప్రశ్నలడగడం) మీకు నచ్చిందో ఆయన దగ్గరికే సాయంత్రం ఆఫీసుకు పోయి నేర్చుకుంట అని చెప్పండి. వయసులో మీకంటే చిన్నోళ్లు సీనియర్ అయితే అన్నా అక్కా అనడానికి నామోషీ పడొద్దు, ఈ వృత్తిలో ముందు వచ్చినోళ్లే సీనియర్లు. కేసులెక్కువ ఉన్నోళ్లకంటే తప్పు చేస్తే కూర్చోబెట్టి చెప్పేటోళ్లు మేలు.

మొదట్లో నెలకు ఎంత వస్తది? ఉన్నది ఉన్నట్టు చెప్పండి

మొదటి మూడేళ్లు ఇల్లు గడిచేంత రాదు అనుకొనే దిగండి. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని సూచించింది, గని అది సూచనే, తప్పనిసరి కాదు, మన దిక్కు బస్సు ఖర్చులు ఇచ్చే సీనియర్ దొరికినా మంచోడే అనుకోవాలె. ఇంట్లో ఇంకో సంపాదన, లేదంటే పెన్షన్, కౌలు, కిరాయి ఏదో ఒకటి ఉన్నోళ్లు నిలబడతరు. అప్పు చేసి మాత్రం రావొద్దు, అప్పు మీద ఉన్న వకీలు కక్షిదారుకు "ఈ కేసు వేయకు, కూర్చొని మాట్లాడుకోండి" అని చెప్పలేడు.

ఇంకోదిక్కు, వయసుతో వచ్చే లాభం కూడా ఉంది. నెరిసిన వెంట్రుకలు చూసి జనం తొందరగా నమ్ముతరు, మీ పాత పరిచయాలే మొదటి కేసులు. రెవెన్యూలో చేసినోళ్లు భూమి కేసుల్లో, బ్యాంకోళ్లు చెక్ బౌన్స్, రికవరీ కేసుల్లో ముందుంటరు. 3 ఏళ్ల ప్రాక్టీస్ అయినంక న్యాయ సేవాధికార సంస్థ (ఉచితంగా వకీలును పెట్టే సర్కారు సంస్థ) వకీళ్ల ప్యానెల్‌కు అప్లై చేయొచ్చు. నోటరీకి పదేళ్లు కావాలె, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీ బీసీలకు ఏడేళ్లు.

ఎండాకాలం కోటు వేసుకోలేం, మా వయసులో తట్టుకోగలమా?

జిల్లా, కింది కోర్టుల్లో ఎండాకాలం నల్లకోటు తప్పనిసరి కాదు, తెల్లచొక్కా, బ్యాండ్ (మెడ కాడ కట్టుకునే తెల్లగుడ్డ) చాలు. గౌను కూడా హైకోర్టు, సుప్రీంకోర్టులోనే తప్పనిసరి. నీళ్ల సీసా, ఉప్పేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి, షుగర్ ఉన్నోళ్లు బ్రేక్ దాకా ఆగకుంట ఏదన్న తినండి.

చదివిన గని ఇంటి పరిస్థితి వల్ల ప్రాక్టీస్ కుదరకపోతే? చదువు వేస్టేనా?

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీర్‌గా చేరొచ్చు. దీనికి వకీలు కావాల్సిన పని లేదు, లా చదువుతున్నోళ్లు, టీచర్లు, రిటైరైనోళ్లు, ఊర్లో పనిచేసే ఆడవాళ్లు ఎవరైనా చేయొచ్చు, ట్రైనింగ్ ఇస్తరు. 1987 న్యాయ సేవాధికార చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుంట ఉచితంగా వకీలును పెడతరు, ఈ సంగతి మన తండాల్లో, ఊర్లల్లో సగం మందికి తెలియదు. మొగుడు ఇంట్లోంచి వెళ్లగొట్టిన ఒక ఆడమనిషికి మెయింటెనెన్స్ (బతుకుదెరువు ఖర్చు) కేసు వేయడానికి ఉచిత న్యాయ సహాయం కోసం అర్జీ రాసి, ఆమెతోని ఆ సంస్థ ఆఫీసు దాకా పోయి ఇప్పించడం ఈ వాలంటీర్లు చేసే పనే. అప్లై చేయాలంటే మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న ఆ సంస్థ ఆఫీసులో అడగండి.